ఆర్కిటిక్ శరత్తుకు ఫ్యామ్ ట్రిప్: ట్రావెల్ ఏజెంట్లు ఎలా వెళ్లాలి, ఏం చూసుకుని రావాలి

"నార్తర్న్ లైట్స్ చూడాలండీ, ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?" ట్రావెల్ ఆఫీసులో కూర్చునే ప్రతివాళ్లకీ ఈ ప్రశ్న ఇప్పుడు మామూలైపోయింది. మనలో చాలామంది ఆలోచించకుండా డిసెంబర్ అనేస్తాం. మంచు, శాంటాక్లాజ్, గాజు ఇగ్లూ అన్నీ ఒకే ప్యాకేజీలో పెట్టి క్వొటేషన్ పంపేస్తాం. అరవై దాటిన అమ్మానాన్నలు సున్నాకు పాతిక డిగ్రీల కింద చలిలో, అర్ధరాత్రి బయట నిలబడగలరా అని మాత్రం అడగం. ఆ చలి ఎలా ఉంటుందో మనకే తెలియదు కాబట్టి అడగాలని తోచదు.

ఆర్కిటిక్ వలయం పైన, ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ మొదటి రోజుల దాకా ఒక చిన్న శరత్తు వస్తుంది. రాత్రులు మళ్లీ చీకటిపడతాయి, అరోరా (అంటే ఈ నార్తర్న్ లైట్సే) కనిపించడం మొదలవుతుంది. చలి మన వాళ్లు తట్టుకోగలిగినంతే ఉంటుంది. సరస్సులు ఇంకా గడ్డకట్టవు కాబట్టి ఆకాశంలో ఆడే పచ్చటి వెలుగు కింద నీళ్లలో కూడా ఆడుతుంది. జూలైలో ప్రాణం తీసే దోమలు సెప్టెంబర్‌కి పోతాయి. ఇవన్నీ ఏజెంట్లకు చూపించడానికే టూరిజం సంస్థలు, అక్కడి డీఎంసీలు (బస, బండి లాంటి ఏర్పాట్లు చూసే స్థానిక కంపెనీలు) గైడుతో కూడిన ఫ్యామ్ ట్రిప్పులు, అంటే ఏజెంట్లకు ఆ చోట్లు పరిచయం చేసే ప్రయాణాలు పెడతారు. అలాంటి ట్రిప్‌కి మొదటిసారి వెళ్లబోయే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫిన్లాండ్, నార్వే, స్వీడన్ ఉత్తర భాగాల గురించే చెబుతాను, ఎందుకంటే మన దగ్గర నుంచి వెళ్లే క్లయింట్లలో ఎక్కువమంది అటే వెళ్తున్నారు.

ముందు పిలుపు సంపాదించండి

ఫ్యామ్ ట్రిప్ పిలుపులు మూడు దారుల్లో వస్తాయి. ఒకటి, ఆ దేశాల టూరిజం సంస్థలు: విజిట్ ఫిన్లాండ్, విజిట్ నార్వే, విజిట్ స్వీడన్. రెండు, అక్కడి డీఎంసీలు. మూడు, విమాన సంస్థలు. టూరిజం సంస్థల వెబ్‌సైట్లలో ట్రావెల్ ట్రేడ్ అనే విభాగం విడిగా ఉంటుంది. అందులో మీ సంస్థ పేరు నమోదు చేసుకోండి, న్యూస్‌లెటర్‌కి సభ్యులవ్వండి, ఆన్‌లైన్ శిక్షణ ఉంటే పూర్తి చేయండి. హెల్సింకిలో ఏటా జనవరిలో జరిగే మట్కా ప్రదర్శన, నార్వేలో వసంతంలో జరిగే నార్వేజియన్ ట్రావెల్ వర్క్‌షాప్ లాంటి చోట్ల ముఖాముఖి పరిచయాలు అవుతాయి. అంత దూరం వెళ్లలేకపోతే వాళ్లు మన మెట్రో నగరాలకు రోడ్‌షోలకు వచ్చినప్పుడు తప్పకుండా కలవండి.

దరఖాస్తులో గడిచిన ఏడాది ఎంతమందిని ఆ వైపు పంపారు అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆరుగురినే పంపి ఉంటే ఆరుగురే అని రాసి, మీ క్లయింట్లు ఎలాంటివాళ్లో రెండు వాక్యాలు కలపండి: కుటుంబాలా, కొత్త జంటలా, రిటైరైన వాళ్లా, డీలర్ల ఇన్‌సెంటివ్ గ్రూపులా. పిలిచేవాళ్లకు పెద్ద అంకె కంటే ఆ వివరమే ఎక్కువ పనికొస్తుంది.

ఫ్యామ్ ట్రిప్ అంటే అంతా ఉచితం అనుకోకండి. చాలావాటిలో అంతర్జాతీయ టికెట్ మనదే, అక్కడి బస, రవాణా, భోజనాలు వాళ్లవి. కొన్నింటిలో రాయితీ మీద కొంత ఫీజు ఉంటుంది. ఇన్సూరెన్స్, వీసా ఖర్చు ఎలాగూ మనమే పెట్టుకోవాలి. ఏది ఎవరిదో మెయిల్‌లో రాయించుకుని దాచుకోండి. ఇంకో మాట: భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లొచ్చా అని అడగకండి. అడిగినవాళ్ల మీద వీళ్లు పని కోసం వచ్చేవాళ్లు కాదన్న ముద్ర పడుతుంది.

తేదీలు చూసేటప్పుడు పంచాంగం కూడా తీయండి

ఆకులు రంగు మారే ఈ కాలాన్ని ఫిన్లాండ్‌లో రుస్కా అంటారు. పగళ్లు కురచై రాత్రులు చల్లబడేసరికి ఆకుల్లో ఆకుపచ్చదనం విరిగిపోతుంది. బర్చ్ చెట్లు పసుపు బంగారంగా, నేలబారు పొదలు కుంకుమ రంగుగా మారతాయి. కొండ మీద నిలబడి చూస్తే ఎర్ర తివాచీ పరిచినట్టు కనిపించేది చెట్లు కాదు, మోకాలెత్తు కూడా లేని ఆ పొదలే. ఈ రంగు ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతుంది. పైనున్న కిల్పిస్‌యార్వి, ఇనారి వైపు సెప్టెంబర్ మొదట్లో, రోవనియెమి దగ్గర కాస్త ఆలస్యంగా వస్తుంది. ఒక చోట మంచి రంగు రెండు వారాలు నిలిస్తే గొప్పే. ఒక్క గాలివానకు మొత్తం రాలిపోవచ్చు.

ఇక్కడే మన క్లయింట్లతో ఒక చిక్కు ఉంది. మన కుటుంబాలకు తీరిక దొరికేది దసరా సెలవుల్లో. దసరా ఏటా జరుగుతూ ఉంటుంది: 2025లో అక్టోబర్ 2న వచ్చింది, 2026లో అక్టోబర్ 20న. అక్టోబర్ మూడో వారానికి లాప్లాండ్‌లో, అంటే ఈ ఉత్తర ప్రాంతంలో, ఆకులు ఉండవు, నమ్మదగ్గ మంచు ఇంకా పడదు. ఆ మధ్యకాలంలో చాలా హోటళ్లు, రెస్టారెంట్లు, సఫారీ కంపెనీలు తలుపులు మూసి చలికాలానికి సిద్ధమవుతుంటాయి. అలాంటి ఏడాది దసరాకు రుస్కా ప్యాకేజీ అమ్మితే క్లయింట్ మోడు చెట్లు చూసి వస్తాడు. ఆ సెలవుల్లోనే వెళ్లాలని పట్టుబట్టే కుటుంబాలకు నార్వేలోని ట్రోమ్సో లాంటి, ఏడాది పొడుగునా తెరిచి ఉండే ఊరు ఇవ్వండి. అది కూడా అరోరా కోసమే అని చెప్పి ఇవ్వండి, రంగుల పేరెత్తకండి.

రెండో సంగతి చంద్రుడు. నిండు వెన్నెలలో బలమైన అరోరా కనిపిస్తుంది కానీ లేతవి కొట్టుకుపోతాయి. దసరా అంటే శుక్ల దశమి, అంటే సాయంత్రం నుంచే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు. అరోరాకి చీకటి పక్షమే మేలు. అమావాస్యకు అటూ ఇటూ ప్రయాణం పెట్టుకోవడం మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇష్టముండదు, అది నాకూ తెలుసు. బయల్దేరే రోజు మంచిదిగా చూసుకుని, అక్కడ ఉండే రాత్రులు బహుళ పక్షం చివర్లో పడేలా లెక్కేస్తే ఇద్దరికీ కుదురుతుంది. 2026లో సెప్టెంబర్ 11న అమావాస్య, 14న వినాయక చవితి. ఉత్తరాన రుస్కా ఉండే రోజులూ, చీకటి రాత్రులూ ఒకేచోట కలిసే వారం అది.

సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో వచ్చే విషువత్తుకు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుకు) ఇంకో ప్రాముఖ్యం ఉంది. ఆ రోజుల్లో భూమి అయస్కాంత క్షేత్రం సూర్యుడి నుంచి వచ్చే గాలితో సులువుగా ముడిపడే కోణంలో ఉంటుంది. అందువల్ల మార్చి, సెప్టెంబర్ చుట్టుపక్కల అరోరాని బలంగా వెలిగించే అయస్కాంత తుఫానులు ఎక్కువ. డిసెంబర్‌లోనే లైట్స్ బాగుంటాయని వాదించే క్లయింట్‌కి ఈ ఒక్క ముక్క చెబితే చాలు.

వీసాకి రాత్రులు లెక్కపెట్టండి

మూడు దేశాలూ షెంగెన్ అనే, ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలోనే ఉన్నాయి కాబట్టి ఒక్క వీసా చాలు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. సరిహద్దులు దాటే ఫ్యామ్ ట్రిప్‌లో ఫిన్లాండ్ మూడు, నార్వే మూడు, స్వీడన్ ఒకటి అని వచ్చిందనుకోండి, అక్కడ గందరగోళం మొదలవుతుంది. డీఎంసీతో మాట్లాడి ఒక దేశానికి స్పష్టంగా ఒక రాత్రి ఎక్కువ పడేలా ఇటినరరీ రాయించుకోండి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, 15 రోజుల ముందు గడువు ముగుస్తుంది. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, వీసా దరఖాస్తు కేంద్రం వాళ్ల సర్వీసు చార్జి దీనికి అదనం. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పిలిచిన సంస్థ ఇచ్చే ఆహ్వాన పత్రంలో మీ పూర్తి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఏ ఖర్చు ఎవరు పెడుతున్నారో ఉండాలి, మీరు ఏ హోదాలో వస్తున్నారో ఉండాలి. ఒకసారి మాతో రావాల్సిన ఒకాయన ఇంటిపేరు ఆహ్వానంలో పొడి అక్షరంగా పడింది. దాన్ని సరిచేసి మళ్లీ తెప్పించేసరికి పది రోజులు పోయాయి, అపాయింట్‌మెంట్ జారిపోయింది, ఆయన రాలేకపోయారు.

స్వాల్‌బార్డ్ కూడా కలిపిన ట్రిప్ అయితే జాగ్రత్త. ఆ దీవులు నార్వేవే అయినా షెంగెన్ బయట ఉన్నాయి. సింగిల్ ఎంట్రీ వీసాతో వెళ్తే తిరిగి ఓస్లోకి రావడానికి వీసా మిగలదు.

2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో పాస్‌పోర్టు ముద్రల స్థానంలో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది. మొదటి షెంగెన్ విమానాశ్రయంలో లైను ఎక్కువసేపు పట్టొచ్చు. కనెక్షన్‌కి గంటన్నర పెట్టుకోవద్దు, మూడు గంటలు ఉంచుకోండి.

పెట్టె సర్దడం

సెప్టెంబర్‌లో పగలు 5 నుంచి 15 డిగ్రీల మధ్య, రాత్రి సున్నా దగ్గర లేదా ఇంకాస్త కింద ఉంటుంది. చలి కంటే ఇబ్బంది తడి, గాలి. లోపల ఉన్ని బనియన్, దాని మీద ఫ్లీస్, పైన గాలీ వానా ఆపే జాకెట్. జీన్స్ తడిస్తే ఆరదు, కాళ్లు గడ్డకడతాయి. నీళ్లు లోపలికి రాని బూట్లు ఇక్కడే కొని వారం పాటు తొడుక్కుని తిరగండి, కొత్త బూట్లతో బురద దారిలో నడిస్తే మడమలు పుళ్లవుతాయి. ఎర్ర లైటు ఉండే హెడ్‌ల్యాంప్, పవర్ బ్యాంక్, చిన్న ట్రైపాడ్ పెట్టుకోండి. కోటుకి వేలాడే రిఫ్లెక్టర్ ఒకటి కొనుక్కోండి, చీకట్లో రోడ్డు మీద నడిచేవాళ్లు అది పెట్టుకోవాలని ఫిన్లాండ్‌లో నియమం కూడా ఉంది. ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిలు కూడా. వాన తుంపరలో ఫోన్ తెర పనిచేయదు, పెన్సిలు రాస్తుంది.

దారి పొడుగునా ఏం గమనించాలి

హైదరాబాద్ నుంచి హెల్సింకికి నేరుగా విమానం లేదు. దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట ఒకసారి మారాలి. హెల్సింకి నుంచి రోవనియెమికి విమానంలో గంటన్నర లోపే, రాత్రి రైలులో అయితే దాదాపు 12 గంటలు. వెళ్లేటప్పుడు విమానం ఇచ్చినా, మీకు వీలుంటే రైలు ఒకసారి ఎక్కి చూడండి. మన వాళ్లకు రైల్లో పడుకుని వెళ్లడం ఇష్టం, పిల్లలున్న కుటుంబాలకు అదే ఒక ఆకర్షణ అవుతుంది.

రోవనియెమిలో శాంటా విలేజ్ ఏడాదంతా తెరిచే ఉంటుంది. సెప్టెంబర్‌లో లైను తక్కువ, శాంటా పిల్లలతో తీరిగ్గా మాట్లాడతాడు. కానీ నేల మీద మంచు లేదని, రెయిన్‌డీర్ బండి జారదని క్లయింట్‌కి ముందే చెప్పాలి. హస్కీ కుక్కలు కూడా ఈ కాలంలో చక్రాల బండ్లే లాగుతాయి. ఊళ్లో ఉన్న ఆర్క్‌టికుమ్ మ్యూజియానికి రెండు గంటలు ఇవ్వండి. 1944లో వెనక్కి వెళ్తూ జర్మన్ సైన్యం తగలబెట్టిన ఊరు ఇది. మళ్లీ కట్టినప్పుడు ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో వీధుల పథకాన్ని రెయిన్‌డీర్ కొమ్ముల ఆకారంలో గీశాడు. ఊరు మరీ కొత్తగా కనిపిస్తోందేమని అడిగే క్లయింట్‌కి జవాబు అదే.

అక్కడి నుంచి ఉత్తరంగా ఇనారి 300 కిలోమీటర్లు దాటుతుంది. దారిలో రెయిన్‌డీర్లు రోడ్డు మీదికి వస్తాయి, మన దగ్గర గేదెలు వచ్చినట్టే. డ్రైవర్ ఎక్కడ వేగం తగ్గిస్తున్నాడో చూడండి. ఒకటి దాటిందంటే వెనక ఇంకో రెండు ఉంటాయి. ఇనారిలోని సీదా మ్యూజియం 2024లో యూరోపియన్ మ్యూజియం ఆఫ్ ద ఇయర్ పురస్కారం అందుకుంది. ఈ ఉత్తర ప్రాంతపు ఆదివాసులైన సామీల గురించి మొదటిసారి వినేవాళ్లు చూడాల్సిన చోటు.

ఇనారి నుంచి నార్వేలోని కరాస్‌యోక్ వైపు సరిహద్దు దాటగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది. ఫిన్లాండ్ మన కంటే రెండున్నర గంటలు వెనక, నార్వే, స్వీడన్ మూడున్నర గంటలు వెనక. సరిహద్దు ఊళ్లలో ఫోన్ ఒకసారి ఈ దేశం టవర్‌ని, ఒకసారి ఆ దేశం టవర్‌ని పట్టుకుంటుంది. మా ట్రిప్‌లో ఒకావిడ అలారం గంట ముందే మోగి, ఆవిడ చీకట్లో పెట్టెతో సహా లాబీలో ఒంటరిగా కూర్చున్నారు. ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపేయమని మీ క్లయింట్ల సూచనల కాగితంలో రాయండి.

నార్వేలోని ఆల్టాలో వేల ఏళ్ల నాటి రాతి చెక్కడాలు ఉన్నాయి, 1985 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. చలికాలంలో ఇవి మంచు కింద కప్పబడిపోతాయి. శరత్తులో వెళ్తే చెక్క దారి మీద నడుస్తూ రెయిన్‌డీర్లు, పడవలు, వేటగాళ్ల బొమ్మలు దగ్గర నుంచి చూడొచ్చు. డిసెంబర్ ప్యాకేజీ ఇవ్వలేనిది ఇది ఒకటి, రాసుకోండి.

ట్రోమ్సోలో కేబుల్ కార్ ఎక్కితే 421 మీటర్ల ఎత్తు నుంచి ఊరంతా కనిపిస్తుంది. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లకు పక్కనే నేపాలీ షెర్పాలు కట్టిన రాతి మెట్లు ఉన్నాయి, 1,200 పైచిలుకు. తిమింగలాలు మాత్రం ఈ కాలంలో అమ్మకండి. అవి ఆ చుట్టుపక్కల సముద్రంలోకి చేపల వెంట వచ్చేది చలికాలం మొదట్లో.

నార్వేలోని నార్విక్ నుంచి స్వీడన్‌లోని అబిస్కో మీదుగా కిరునాకి రైలు ఉంది, ఇనుప ఖనిజం కోసం వేసిన లైను. ఫియర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) అంచున కొండని పట్టుకుని పైకి ఎక్కుతుంది. నార్విక్ నుంచి వెళ్లేటప్పుడు ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి. గని తవ్వకం వల్ల నేల కుంగుతుండటంతో కిరునా ఊరినే పక్కకు మారుస్తున్నారు. 1912 నాటి చెక్క చర్చిని 2025 ఆగస్టులో రెండు రోజుల పాటు చక్రాల మీద నెమ్మదిగా ఐదు కిలోమీటర్లు జరిపారు. కిరునా దగ్గరున్న యుక్కస్‌యార్విలో ఐస్ హోటల్ ఉంది. దాని ఒక భాగం 2016 నుంచి ఏడాదంతా మైనస్ ఐదు డిగ్రీల దగ్గర నిలబడి ఉంటుంది, సెప్టెంబర్‌లో కూడా మంచు గది చూపించగలిగేది అందువల్లే.

హోటల్ చూసేటప్పుడు

మేనేజర్ మిమ్మల్ని ముందుగా అన్నిటికన్నా మంచి గదికే తీసుకెళ్తారు. అది చూసి మెచ్చుకోండి, తర్వాత మీ క్లయింట్‌కి వచ్చే మామూలు గది చూపించమని అడగండి. మంచం మీద కూర్చోండి, షవర్ తిప్పండి, కర్టెన్ వేసి చూడండి. కెటిల్ ఉందా, ముగ్గురు పడుకునే గది ఉందా, లిఫ్ట్ ఉందా, క్యాబిన్ నుంచి రెస్టారెంట్‌కి ఎన్ని అడుగులు, ఆ దారిలో రాత్రి లైటుందా? అరోరా కనిపిస్తే రిసెప్షన్ నుంచి గదికి కబురు పంపే ఏర్పాటు ఉందా? ఈ దేశాల్లో ట్రిపుల్ గదులు తక్కువ. అమ్మానాన్న, ఒక పిల్లాడు అనే మన మామూలు లెక్క ఇక్కడ సులువుగా కుదరదు. వంటగది ఉన్న క్యాబిన్ చూస్తే వెంటనే రాసుకోండి, మన కుటుంబాలకు గాజు ఇగ్లూ కంటే అదే సుఖం. కానీ తాలింపు పొగకు ఫైర్ అలారం మోగుతుందా, అగ్నిమాపక బండి వస్తే ఆ బిల్లు ఎవరు కట్టాలో కూడా మేనేజర్‌ని అడగండి.

సౌనా, అంటే వేడి ఆవిరి స్నానపు గది గురించి ఒక మాట. ఫిన్లాండ్‌లో అది ఇంటి సంస్కృతి, 2020లో యునెస్కో జాబితాలో చేరింది. ఆడవాళ్లు, మగవాళ్లు విడివిడిగా, మామూలుగా బట్టల్లేకుండానే వెళ్తారు. మన వాళ్లు ఇబ్బంది పడకుండా కుటుంబానికి విడిగా బుక్ చేసే వీలుందా అని తెలుసుకోండి.

ఇప్పుడు అసలు పాఠం. గ్రూపు టూర్లు చేసేవాళ్లు బస్సు డ్రైవర్ గంటలు తెలుసుకోకుండా ధర వేయకండి. యూరప్ నిబంధనల ప్రకారం డ్రైవర్ మామూలుగా రోజుకు తొమ్మిది గంటలే నడపాలి, నాలుగున్నర గంటలకు 45 నిమిషాల విరామం తీసుకోవాలి, రోజుకు 11 గంటల విశ్రాంతి ఉండాలి. పొద్దున ఎనిమిదికి బయల్దేరిన బస్సులోనే రాత్రి పదకొండుకి అరోరా వేటకి వెళ్దామంటే కుదరదు. రెండో బండి, రెండో డ్రైవర్ కావాలి. లేదా గది నుంచి నడిచి వెళ్లేంత దగ్గరలో చీకటి సరస్సు ఉన్న హోటల్ కావాలి. ఈ ఒక్క లెక్క తప్పడం వల్ల, లాభం మొత్తం చివరి రోజు అదనపు బండ్లకే పోసిన గ్రూపుని నేను చూశాను.

రాత్రి బయటికి వెళ్లినప్పుడు

సెప్టెంబర్ మధ్యలో సరైన చీకటి పడేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పది అవుతుంది. ట్రోమ్సోలో అప్పుడు పగలు రోజుకు ఎనిమిది తొమ్మిది నిమిషాల చొప్పున తరిగిపోతుంది, వారంలో తేడా కంటికే తెలుస్తుంది.

ఇనారి దగ్గర సరస్సు ఒడ్డున మా గైడ్ అందరినీ టార్చిలు ఆపేయమంది. పావుగంట ఏమీ లేదు. నీళ్లు రాళ్లను తాకే చప్పుడు, తడి నాచు వాసన. తర్వాత ఉత్తరాన పల్చటి బూడిద రంగు చార ఒకటి కనిపించింది, నేను మబ్బనుకున్నాను. ఫోన్ కెమెరాలో అది పచ్చగా ఉంది. ఇంకో పది నిమిషాలకు ఆ చార మధ్యలో చీలి, చీర కుచ్చిళ్లు విప్పినట్టు జారుతూ నెత్తి మీదికి వచ్చింది, అప్పుడు మాత్రం కంటికే పచ్చదనం తెలిసింది. కిందా అదే, నీళ్లలో. ఎవరూ మాట్లాడలేదు.

క్లయింట్‌కి చెప్పాల్సింది ఆ మొదటి పావుగంట గురించి, ఆ బూడిద రంగు గురించి. ఫొటోల్లో కనిపించే రంగు కంటికి ప్రతిసారీ కనిపించదు. లేత అరోరాని కన్ను తెల్లగానే చూస్తుంది, కెమెరా కొన్ని సెకన్లు కాంతిని పోగుచేసుకుంటుంది. ఇది ముందే చెబితే వాళ్లు మోసపోయామనుకోరు. పచ్చ రంగు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ వల్ల వస్తుంది, ఇంకా పైనుంచి ఎరుపు. ఫిన్లాండ్‌లో దీన్ని రెవొన్‌తులెత్ అంటారు, నక్క మంటలు అని అర్థం.

అయస్కాంత తుఫాను బలం చెప్పే కేపీ అంకె చూసి కంగారు పడే క్లయింట్లు చాలామంది ఉంటారు. ట్రోమ్సో, అబిస్కో, ఇనారి అరోరా వలయం కిందే ఉన్నాయి, కేపీ ఒకటి రెండు ఉన్నా కనిపించొచ్చు. అక్కడ అడ్డుపడేది మబ్బు. తీరం మీదున్న ట్రోమ్సోలో మబ్బు ఎక్కువ. అందుకే అక్కడి గైడ్లు ఒక్కోసారి ఫిన్లాండ్ సరిహద్దు దాకా బండి నడుపుతారు. వాళ్లతో వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు జేబులో ఉండాలి. కొండల వెనకనున్న అబిస్కోలో ఏడాదికి వాన సుమారు 300 మిల్లీమీటర్లే, ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. ఇటినరరీలో కనీసం మూడు రాత్రులు ఉత్తరాన ఉంచండి, కుదిరితే ఒకటి తీరంలో, రెండు లోపలి భాగంలో. గ్యారంటీ అనే మాట మీ బ్రోచర్‌లో ఎక్కడా రాయకండి.

సామీల దగ్గర

లాప్ అనే పాత పేరు వాళ్లకు అవమానం, సామీ అనండి. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ మూడింటిలోనూ వాళ్లకు సొంత పార్లమెంట్లు ఉన్నాయి. ఫిన్లాండ్‌లోని సామీ పార్లమెంట్ 2018లో టూరిజం ఎలా ఉండాలో నైతిక సూత్రాలు ప్రకటించింది, ఏజెంట్లు చదవాల్సిన కాగితం అది. హస్కీ బండ్లు, ఇగ్లూలు సామీల సంప్రదాయం కావు. వాటిని సామీ అనుభవం అని అమ్మితే అబద్ధం అమ్మినట్టే. వేషం కోసం సామీ దుస్తులు తొడిగించి ఫొటోలు తీయించే కార్యక్రమాలు మీ ప్యాకేజీలో పెట్టకండి.

రెయిన్‌డీర్ కాపరి ఇంటికి తీసుకెళ్తే, మీకు ఎన్ని రెయిన్‌డీర్లు ఉన్నాయని అడగొద్దు. బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టు. మనకు ఎకరాల లెక్క ఎలాంటిదో వాళ్లకు అది అలాంటిది. సెప్టెంబర్ చివరికి మగవి జతకట్టే కాలం, కొమ్ములతో పొడుస్తాయి, గైడ్ చెప్పిన దూరంలోనే ఉండండి.

తిండి

ఉదయం హోటళ్లలో ఇబ్బంది లేదు, ఓట్స్ గంజి, రొట్టె, బెర్రీలు, గుడ్లు ఉంటాయి. రాత్రి భోజనమే కష్టం. శాకాహారం అంటే చేప, గుడ్డు కూడా వద్దు అని విడమరిచి రాయాలి. వంటగదులు తొమ్మిదికల్లా మూసేస్తారు, మన వాళ్లకు అప్పుడే ఆకలి మొదలవుతుంది. రోవనియెమిలో, ట్రోమ్సోలో నేపాలీ, భారతీయ వంటల రెస్టారెంట్లు ఉన్నాయి. చిన్న ఊళ్లలో ఆశ పెట్టుకోకండి.

ఇంటి నుంచి తీసుకెళ్లే వాటికి నియమాలు ఉన్నాయి. మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి ప్రయాణికులు తేకూడదు, అంటే నెయ్యి డబ్బా, మజ్జిగ మిరపకాయలు కూడా సంచిలో పెట్టొద్దు. పచ్చి కరివేపాకు ధ్రువపత్రం లేకుండా కుదరదు. కందిపొడి, ఆవకాయ, కొబ్బరి కారం గట్టిగా మూతపెట్టి చెక్-ఇన్ బ్యాగులో వేసుకోవచ్చు. మేం వెళ్లినప్పుడు వేడి బంగాళదుంపల మీద కందిపొడి చల్లి మా డ్రైవర్‌కి పెట్టాం, ఆయన మిగిలిన సీసా అడిగి తీసుకున్నారు. అక్కడి వాటిలో మీరు తప్పక రుచి చూడాల్సింది లెయిపాయూస్తో అనే కాల్చిన చీజ్, క్లౌడ్‌బెర్రీ జామ్‌తో ఇస్తారు. దాన్ని విరగ్గొట్టడానికి జంతువుల నుంచి తీసిన రెనెట్ వాడి ఉండొచ్చు, శాకాహారులకు చెప్పే ముందు అడిగి తెలుసుకోండి.

తిరిగొచ్చాక

విమానంలోనే మీ నోట్‌బుక్ తెరిచి ఒక్కో చోటుకి ఒక్కో వాక్యం రాయండి: ఇది ఎవరికి, ఎవరికి కాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఏ హోటల్, ఐదేళ్ల పిల్లలకు ఏ రాత్రి ఎక్కువవుతుంది, కొత్త జంటకు ఏ క్యాబిన్. వారం గడిస్తే అన్ని హోటళ్లూ బుర్రలో ఒకటైపోతాయి. పిలిచినవాళ్లకు కృతజ్ఞతలతో పాటు నచ్చనివి కూడా మర్యాదగా రాసి పంపండి, వాళ్లు అదే ఎదురు చూస్తారు.

తర్వాత ధర. యూరో, నార్వే క్రోనర్, స్వీడన్ క్రోనా మూడూ మారుతుంటాయి. మూడు దేశాల టూర్ అయితే డీఎంసీని ఒకే కరెన్సీలో నెట్ రేటు ఇవ్వమనండి, ఆ రేటు ఏ తేదీ దాకా నిలుస్తుందో, గదులు ఏ తేదీకి వెనక్కి ఇచ్చేయాలో రాయించుకోండి. విదేశీ టూర్ ప్యాకేజీల మీద టీసీఎస్ (మనం క్లయింట్ దగ్గర ముందే వసూలు చేసే పన్ను) రేటు బడ్జెట్‌తో మారుతుంటుంది, ప్రతి క్వొటేషన్‌కి ముందు మీ ఆడిటర్‌ని అడిగి ఆ వరస విడిగా చూపించండి.

మొదటి గ్రూపు చిన్నదిగా, పన్నెండు మంది లోపు పెట్టుకోండి. అక్కడ నవంబర్‌లో కాస్త తీరిక దొరుకుతుంది, డిసెంబర్ వస్తే డీఎంసీ వాళ్లు ఫోన్ ఎత్తలేరు. వచ్చే సెప్టెంబర్ గదుల కోసం మెయిల్ ఆ నవంబర్‌లోనే వెళ్లాలి. అందులో అమావాస్య తేదీ రాసి, దానికి ముందు రెండు రాత్రులు, తర్వాత రెండు రాత్రులు అడగండి.